క్రీట్‌లో వేపచెట్టుకి ఊదా పూలు! ఎవరైనా తేల్చండి

గోదారిగట్టు
మొన్ననే గ్రీసు వాళ్ళ క్రీట్ దీవి నుంచి వచ్చాం. నిద్ర ఇంకా గాడిలో పడలేదు, ఈ సంగతి తేలకపోతే పడేలా కూడా లేదు. హనియా ఊళ్ళో మేం దిగిన వీధి పొడుగునా వేపచెట్లు. అదే ఆకు, అదే నీడ, కింద అదే చెత్త. తీరా తలెత్తి చూస్తే పూలు ఊదా రంగు! మా గైడ్ అమ్మాయేమో అది వేప కాదు, పర్షియన్ లైలాక్ అంది. "అమ్మా, నేను వేపచెట్టు కింద నులకమంచం మీద పెరిగినవాణ్ణి" అన్నాను. బస్సంతా నవ్వింది. మా ఆవిడ కూడా అటే చేరింది.

ఇంకో సంగతి. మధ్యధరా అంటే ఆలివ్ తోటలు, ద్రాక్షతీగలు అనుకుని వెళ్ళాను. రోడ్డు పక్కన చూస్తే నాగజెముడు, కిత్తనార, ఆముదం. వాగులో గన్నేరు. గోడల మీద కాగితంపూలు. ఇన్ని లక్షలు పోసి మళ్ళీ మా ఊరి పోరంబోకు స్థలానికే వచ్చానా అనిపించింది. ఇవి వాళ్ళవా, మనవా? ఎవరి దగ్గర్నుంచి ఎవరు పట్టుకెళ్ళారు?

వేపపుల్ల
వేపే. చలి దేశంలో పువ్వు రంగు కాస్త మారి ఉంటుంది. దానికింత గొడవెందుకు.

రిటైర్డ్_ఏఓ
రంగు మారలేదు, చెట్టే వేరు. దాన్ని తురకవేప అంటాం, కొన్నిచోట్ల కొండవేప అంటారు. శాస్త్రీయనామం మీలియా అజెడరాక్. వేపకి దాయాది, ఒకటే కుటుంబం. తేడా పట్టడం తేలిక. వేపలో ఒక ఈనెకి రెండువైపులా ఆకులు బారుగా ఉంటాయి, అంతే. తురకవేపలో ఆ ఈనె మళ్ళీ చిన్న ఈనెలుగా చీలి, వాటికి ఆకులుంటాయి. వేపపూత తెల్లగా ఉంటుంది, ఉగాది పచ్చడిలో వేసేది అదే. దీనిది లేత ఊదా, మధ్యలో ముదురు రంగు గొట్టం, మంచి వాసన. కాయ గుండ్రంగా ఉండి పండితే పసుపుపచ్చగా అవుతుంది, ఆకు రాలిపోయినా గుత్తులు అలాగే వేలాడుతుంటాయి. ఆ కాయలు మాత్రం విషం. పిట్టలు తింటాయి, మనుషులూ పందులూ తినకూడదు.

పేరు సంగతి ఇంకా తమాషా. గ్రీకులో మీలియా అంటే అసలు యాష్ అనే వేరే చెట్టు. ఆకు పోలిక చూసి, మొక్కలకి శాస్త్రీయనామాలు పెట్టిన లిన్నేయస్ ఆ పేరు దీనికి తగిలించాడు. అజెడరాక్ అన్నది పారశీక మాట, ఆజాద్ దరఖ్త్. మన వేప శాస్త్రీయనామం అజాడిరక్టా కూడా అక్కడి నుంచే. పైగా తురకవేప పుట్టిల్లు మన ఆసియానే. అంటే మీరు "మన చెట్టు" అనడంలో తప్పేమీ లేదు, "వేప" అనడంలోనే తప్పు. గైడ్ అమ్మాయి గెలిచింది.

వేపపుల్ల
బెంగళూరులో మా ఆఫీసు గేటు దగ్గర చెట్టుకి కూడా కాస్త రంగు పూలే. మరి దాన్ని అందరూ వేపే అంటారు కదా సార్. వాచ్‌మన్ కూడా.

నిద్రగన్నేరు
వాచ్‌మన్ చెప్పాక ఇంక అప్పీల్ లేదు 😄

ఏథెన్స్_అల్లుడు
ఏఓ గారు చెప్పింది నిజం. మా ఏథెన్స్ వీధుల్లో ఈ చెట్లు బోలెడు. శీతాకాలంలో మోడుగా నిలబడి పసుపు కాయలు మాత్రం వేసుకుని ఉంటాయి. కారు కింద పెడితే బానెట్ మీద టపటపా. తొమ్మిదేళ్ళ కింద ఇక్కడికొచ్చినప్పుడు నేనూ ఉగాదికి పూత కోసమని ఎక్కబోయాను. మా అత్తగారు (గ్రీకావిడ) కింద నుంచి కేకలేసి దింపించింది.

గోదారిగట్టు గారూ, తోటకూర తిన్నారా లేదా? దాని ముచ్చట ఎత్తలేదేంటి?

గోదారిగట్టు
తోటకూరా? హొర్తా అని ఏదో ఉడకబెట్టిన ఆకుకూర పెట్టారు, చేదుగా ఉంది. మా ఆవిడ తింది. నేను ఫ్రెంచ్ ఫ్రైస్‌తో సరిపెట్టుకున్నా.

ఏథెన్స్_అల్లుడు
మేలో వెళ్ళారు కాబట్టి మీకు తగిలింది చేదు రకం, రదీకియా అయ్యుంటుంది. హొర్తా అంటే ఒక కూర పేరు కాదు, పొలంగట్ల మీద ఏరుకొచ్చే ఆకుకూరలన్నిటికీ కలిపి ఆ మాట. క్రీట్‌లో స్తమ్నగాథి అని ముళ్ళ మధ్యలోంచి కోసే రకం ఉంది, దానికి గిరాకీ ఎక్కువ. ఎండాకాలం వచ్చేది వ్లీతా. అది అచ్చంగా తోటకూరే అండి! మన చిలకతోటకూరకి తోబుట్టువు. కాడలతో సహా మెత్తగా ఉడకబెట్టి, నీళ్ళు వార్చి, ఆలివ్ నూనె, నిమ్మరసం, ఉప్పు. అంతే. వేయించిన చేప పక్కన పెడతారు.

మొదటిసారి అత్తగారు వడ్డించినప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్ళి ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టుకొచ్చి మీద పోశాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రొట్టె ముక్క ఒకటి తుంచి ఆ పోపులో అద్దింది. ఇప్పుడు ఎండుమిర్చి నన్ను అడిగి తెప్పించుకుంటుంది.

కారంపొడి
తోటకూరనాడే చెప్పి ఉంటే గోదారిగట్టు గారు ఫ్రైస్ తినకపోదురు కదా.

పాలమూరు_పిల్ల
అన్నా, గంగవాయిల కూర దొరుకుతదా అక్కడ? ఫొటోల్లో గ్రీకు సలాడ్ మీద అసొంటిదే చూసిన. మా అమ్మకు చూపిస్తే "దీన్ని పచ్చిగ తింటరా, పప్పుల ఎయ్యక" అని ఆగమైంది.

ఏథెన్స్_అల్లుడు
దొరుకుతుంది చెల్లెమ్మా, అదే మొక్క. గ్లిస్త్రీదా అంటారు, జారేది అని అర్థం. టమాటా, కీరాతో పచ్చిగా తింటారు, పెరుగులో కలుపుతారు. ఎవరైనా ఆగకుండా వాగుతుంటే "ఏంటి, గ్లిస్త్రీదా తిన్నావా?" అని అడుగుతారు. నాలుక జారిపోతోందని ఎగతాళి.

పాలమూరు_పిల్ల
అయితే మా మేనత్త రోజూ రెండు కట్టలు తింటున్నట్టుంది.

చిత్తూరు_చింత
మా వైపు పావిలికూర అంటాం. పుల్లగా ఉంటుంది కాబట్టి పప్పులో చింతపండు తగ్గించాలి. సరే, అసలు ప్రశ్నకి రండి. నాగజెముడు ఎవరిది?

రిటైర్డ్_ఏఓ
ఇద్దరిదీ కాదు. నాగజెముడు, కిత్తనార మెక్సికో వైపువి. కొలంబస్ అటు వెళ్ళొచ్చాక స్పెయిన్‌కి చేరి, అక్కడి నుంచి తీరమంతా పాకాయి. గ్రీసు పోస్టుకార్డుల్లో తెల్ల గోడ పక్కన కనిపించే జెముడు సోక్రటీస్ కంటపడనే లేదు. కాగితంపూలు బ్రెజిల్‌వి. 1766లో బూగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడు ప్రపంచయాత్రకి బయల్దేరాడు, ఆ యాత్రలో కామెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మొక్కకి నాయకుడి పేరు పెట్టాడు. ఆ కామెర్సన్ సహాయకుడిగా మగవేషంలో ఓడెక్కిన జాన్ బరె అనే ఆవిడ, భూమిని చుట్టొచ్చిన మొదటి స్త్రీ అయింది. ఆముదం ఆఫ్రికాది.

మీ లిస్టులో నిఖార్సుగా అక్కడిది గన్నేరు ఒక్కటే. అక్కడ వాగుల్లో దానంతటదే మొలుస్తుంది. మనం దాన్ని హైవే డివైడర్ల మీద, గుడి పెరట్లో పెంచుకుంటున్నాం.

పాలెర్మో_పద్మ
జెముడు పేరెత్తకండి బాబూ, ఇప్పటికీ పెదవి దురదపెడుతోంది.

మొదటి ఏడాది అక్టోబరులో ఇక్కడ ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం వాలు వైపు వెళ్ళాం. రోడ్డు పక్కన గోడ మీంచి ఎర్రటి, నారింజ రంగు పళ్ళు వేలాడుతున్నాయి. పెద్ద ముళ్ళు లేవు కదా అని చేత్తో కోసి, చున్నీకి తుడిచి, కొరికాను. పండు మీద చిన్న చిన్న మచ్చల్లా ఉంటాయే, అవి మచ్చలు కావు. ఒక్కో దాంట్లో నూగులాంటి సన్న ముళ్ళు వందలు. వేళ్ళలో, పెదవి మీద, చున్నీలో, చున్నీ నుంచి మెడకి. కంటికి కనపడవు, తాకితే భగ్గుమంటాయి. మా ఆయన ప్యాకింగ్ టేపు అంటించి పీకాడు, టేపుతో పాటు మీసాల చోట చర్మం కూడా వచ్చింది. అక్కడి ముసలాయన ఒకడు చూసి జాలిపడి చూపించాడు: ఫోర్కుతో గుచ్చి పట్టుకుని, రెండు కొసలూ కోసి, నిలువుగా ఒక గాటు పెట్టి తొక్క విప్పెయ్యాలి. పండుని చెయ్యి తాకకూడదు. లోపల చల్లగా, తియ్యగా, సీతాఫలానికి చెల్లెలంత గింజలు.

ఇటలీలో దాని పేరేంటో తెలుసా? ఫికో దిండియా. ఇండియా అత్తిపండు! కొలంబస్ వెళ్ళిన చోటు ఇండియా అనుకున్న పుణ్యం. నువ్వు ఇండియా నుంచే వచ్చావు కదా, దీన్ని తినడం తెలీదా అని ఆ తాత ఆశ్చర్యపోయాడు.

నిద్రగన్నేరు
"నువ్వు ఇండియా నుంచే వచ్చావు కదా" 😂 పద్మ గారూ ఈ మాటకి ఫ్రేము కట్టించాలి.

పాలెర్మో_పద్మ
ఇంకోటి, పండు అక్టోబరుకి అంత పెద్దదవడానికి ఒక కిటుకుంది. జూన్‌లో వచ్చిన మొదటి పూతని రాల్చేస్తారు. చెట్టు మళ్ళీ పూస్తుంది, ఆ రెండో కాపు ఆలస్యంగా వచ్చినా కండపట్టి ఉంటుంది. మామిడి రైతుకి చెప్పండి పూత రాల్చమని, కర్ర తీసుకుంటాడు.

చిత్తూరు_చింత
ఒక్క నిమిషం. అట్టల్లా ఉండేదాన్ని మా వైపు బ్రహ్మజెముడు అంటాం. నాగజెముడు అంటే నిలువుగా పాములా పెరిగేది కాదా?

గోదారిగట్టు
మా దగ్గర తిరగేసి. పడగలా ఉంటుంది కాబట్టి అట్టలది నాగజెముడు.

రిటైర్డ్_ఏఓ
ఈ గొడవ నేను సర్వీసులో ఉన్నప్పటి నుంచీ ఉంది, జిల్లా మారితే పేరు మారుతుంది. దాన్నొదిలేసి అసలు కథ వినండి. ఈ జెముడు మీద బతికే కొచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీస్తారు. ఆ వ్యాపారమంతా స్పెయిన్ చేతిలో ఉండేది. మనమూ తీద్దామని ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1795లో బ్రెజిల్ నుంచి పురుగు తెప్పించారు. వచ్చింది మాత్రం తప్పు పురుగు, రంగుకి పనికిరానిది. అదేమో ఉత్తరాదిన జెముడు పొదల్ని తినిపారేసింది. ఇదేదో బాగుందని 1836 ప్రాంతంలో దక్షిణాదికి తెచ్చి వదిలారు. పురుగుతో కలుపు నిర్మూలించడం అన్నది ప్రపంచంలో మొదలైందే ఇలా. తర్వాత 1926లో ఇంకో రకం జెముడు కోసం ఇంకో రకం పురుగుని తెచ్చారు, అదీ బాగా పనిచేసింది.

సరిగ్గా ఆ రెండో పురుగే ఇప్పుడు మధ్యధరా దేశాల్లో పడింది. మొరాకోలో 2014 నుంచి తోటలకి తోటలు తెల్లగా బూజు పట్టినట్టయి కూలిపోయాయి. లెబనాన్, ఇజ్రాయెల్, సైప్రస్‌లకీ చేరింది. మనకి కలుపు వదిలించిన పురుగు అక్కడి పేదరైతు పంట తింటోంది.

కారంపొడి
తప్పు పురుగు వస్తే కూడా మంచే జరిగింది. నేను ఆన్‌లైన్‌లో తెప్పించినవేవీ ఇలా కలిసిరావే.

గోదారిగట్టు
గన్నేరు అక్కడిదే అన్నారు కదా, అది నిజంగా చూడాల్సిందే. సమరియా లోయ నడిచాం. పైన 1,200 మీటర్ల ఎత్తులో మొదలై సముద్రం దాకా 16 కిలోమీటర్లు దిగుడే. మోకాళ్ళు ఇప్పటికీ తిడుతున్నాయి. పైనంతా సైప్రస్ చెట్లు, పైన్ చెట్లు. కిందకి వచ్చేకొద్దీ తెల్ల రాళ్ళ మధ్య సన్నటి నీటిపాయ, దాని వెంట గులాబీరంగు గన్నేరు అప్పుడే విచ్చుకుంటోంది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. మేకలు కనపడ్డ ప్రతి మొక్కనీ కొరికి వదిలాయి కానీ గన్నేరుని ఒక్క ఆకు ముట్టలేదు.

మా వాడి కథ కూడా చెప్పాలి. కింద ఊరి దగ్గర చెత్తకుప్ప పక్కన దోసపాదులాంటిది. బొటనవేలంత కాయలు, ఒళ్ళంతా నూగు. వాడు చెప్పు కాలితో తన్నాడు. ఠప్పుమని కాయ తొడిమ నుంచి ఊడి, వెనక నుంచి గింజలూ జిగట నీళ్ళూ పిచికారీలా కొట్టి వాడి కళ్ళజోడు మీద పడ్డాయి. వాడికి పదకొండేళ్ళు. ఆ తర్వాత గంటసేపు ఎక్కడికీ కదల్లేదు, ఒక్కో కాయనీ కర్రతో పేలుస్తూ కూర్చున్నాడు. ఆరు వేల రూపాయల టికెట్ పెట్టి మ్యూజియంకి తీసుకెళ్తే ఇంత శ్రద్ధ చూపించలేదు.

ఏథెన్స్_అల్లుడు
అడవిదోస! పిచికారీదోస అనొచ్చు. కాయ పండేకొద్దీ లోపల ఒత్తిడి పెరిగి, తొడిమ ఊడగానే గింజలు కొన్ని మీటర్ల దూరం ఎగురుతాయి.

డ్యూటీనర్సు
నవ్వుకున్నాం కానీ కళ్ళజోడు ఉంది కాబట్టి సరిపోయింది. ఆ రసం కంట్లో పడితే బాగా మండుతుంది, వాస్తుంది. పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడిగి డాక్టరుకి చూపించాలి. నోట్లో అసలు పెట్టకూడదు, భేది మందులా పనిచేసే విషం అది. గన్నేరూ అంతే, ఏ భాగమైనా గుండె మీద పనిచేస్తుంది. పొయ్యిలో పుల్లలుగా కూడా వాడొద్దు.

చిత్తూరు_చింత
గన్నేరుపప్పు అని సినిమాల్లో తినేది ఇదేనా?

రిటైర్డ్_ఏఓ
కాదు, ఆ పప్పు పచ్చగన్నేరుది. అది మళ్ళీ అమెరికా ఖండం మొక్కే. రెండూ విషమే, వరసకి చుట్టాలు.

చిత్తూరు_చింత
నేను సైప్రస్‌లో ఉన్న రెండేళ్ళలో నాకు బాగా నచ్చింది కారబ్ చెట్టు. మొదటిసారి చూసి చింతకాయలనుకున్నా, పేరు పెట్టుకున్న పాపానికి. నల్లగా, జానెడు, తోలుబెల్టులా ఉంటాయి. కొరికితే పులుపు లేదు! బెల్లం, కోకో కలిపిన రుచి. పానకం తీస్తారు, పిండి చేస్తారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో క్రీట్‌లో జనం ఆకలికి ఇవే తిని బతికారని అక్కడి పెద్దవాళ్ళు చెప్తారు.

బంగారం క్యారెట్ అంటామే, ఆ మాట ఈ గింజ నుంచే వచ్చింది. మన కంసాలి గురిగింజతో తూచినట్టు వాళ్ళు కారబ్ గింజతో తూచేవాళ్ళు. రోమన్ల సాలిడస్ అనే బంగారు నాణెం 24 గింజల ఎత్తు. గింజలన్నీ ఒకే బరువుంటాయని నమ్మకం కానీ నేను వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను, గింజ గింజకీ తేడానే. కంసాలి లాభం అక్కడే ఉందేమో.

సెవిల్లా_సూరిబాబు
లేటుగా వచ్చా. నేను స్పెయిన్‌లో చదువుకుంటున్నా. సెవిల్లాలో వీధివీధికీ నారింజచెట్లు, జనవరిలో కాయలు విరగకాసి ఉంటాయి, ఎవడూ ముట్టుకోడు. ఇంత పిచ్చివాళ్ళేంట్రా అని ఒకటి ఒలిచి తొన నోట్లో వేసుకున్నా. చెవుల్లోంచి పొగొచ్చింది. అప్పుడర్థమైంది, అది కమలాపండు కాదు, అసలు సిసలు నారింజకాయ. మా అమ్మమ్మ పులిహోర కలిపేది!

ఆ వారాంతం రూములో నలుగురం పులిహోర చేశాం. రసం ఆఖర్న, అన్నం చల్లారాక పిండాలి, లేకపోతే చేదెక్కుతుంది. స్పానిష్‌వాళ్ళు నారంహ అంటారు, అరబ్బులు నారంజ్ అంటారు, మనం నారింజ. మాట కూడా పండుతో పాటే ఊళ్ళు తిరిగింది.

డ్యూటీనర్సు
రోడ్డు పక్క కాయలు బాబూ అవి, బండ్ల పొగ పట్టి ఉంటాయి. మందులు కూడా కొడతారు. బజార్లో కొనుక్కో.

సెవిల్లా_సూరిబాబు
అక్కా, అప్పటికే రెండు గిన్నెలు లాగించేశాం. ఇక నుంచి కడిగి పిండుతాం.

డ్యూటీనర్సు
కడిగినా వద్దు.

ఏథెన్స్_అల్లుడు
మన కలబంద కట్టినట్టే ఇక్కడో ఆచారం ఉంది. కొత్త సంవత్సరానికి గుమ్మానికి అడవి ఉల్లిగడ్డ వేలాడదీస్తారు. పిల్లవాడి తలంత గడ్డ, మన నక్కఉల్లికి దగ్గరి చుట్టం. మట్టి లేకుండా, నీళ్ళు లేకుండా గాల్లోనే చిగురు వేస్తుంది, అందుకే ఇంటికి మంచిదని. మా అపార్ట్‌మెంట్ గుమ్మానికి ఇప్పుడు ఒకవైపు మా అమ్మ పంపించిన నమ్మకం, ఒకవైపు మా అత్తగారి నమ్మకం. కరెంటు మీటరు చదివేవాడు రెండింటికీ నమస్కారం పెట్టి వెళ్తాడు.

ఇంకా తులసి. అంటే వాళ్ళది రుద్రజడ, మన సబ్జా గింజల మొక్క. పెరట్లో కుండీలో బంతిలా గుండ్రంగా కత్తిరించి పెంచుతారు. పాతకాలం వాళ్ళు దాన్ని వంటలో వెయ్యరు. వచ్చినవాళ్ళు చేత్తో నిమిరి, అరచెయ్యి వాసన చూసుకుంటారు. సెప్టెంబరు 14న సిలువ పండగకి చర్చిలో రెమ్మలు పంచుతారు. ఇల్లు శుద్ధిచేయడానికి వచ్చే పూజారి కూడా ఆ రెమ్మల కట్టనే నీళ్ళలో ముంచి నాలుగు మూలలా చల్లుతాడు. మొదటిసారి చూసినప్పుడు మామిడాకు ఏదా అని వెతికాను.

పాలమూరు_పిల్ల
మామిడాకు ఏదా 😂 మా అమ్మకు ఇది చదివి వినిపించిన. "అందరు దేవుళ్ళకు ఆకే కావాలె" అన్నది.

చిత్తూరు_చింత
కేపర్ల గురించి ఎవరూ రాయలేదు. కోటగోడ పగుళ్ళలో మొలిచే ముళ్ళతీగ. తెల్లపువ్వు, నిండా ఊదా కేసరాలు, సాయంత్రం విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి వాడిపోతుంది. పిజ్జా మీద ఉప్పగా తగిలే పచ్చ గింజలు గింజలు కావు, విచ్చుకోని మొగ్గలు. అది మన ఆదొండకి వరసకి అక్క. మా అమ్మమ్మ ఆదొండకాయలు మజ్జిగలో ఊరేసి, ఎండబెట్టి, వేయించేది. సైప్రస్‌లో లేత కొమ్మల్ని కూడా ముళ్ళతో సహా ఊరేస్తారు. ఊరాక ముళ్ళు మెత్తబడతాయి అన్నారు. కొన్ని మెత్తబడలేదు.

గోదారిగట్టు
ఇదంతా చదువుతూ సూట్‌కేసు సర్దుతుంటే మావాడి నిక్కరు జేబులో ఎండిన నల్లకాయ ఒకటి దొరికింది. చింతకాయ కాదు, చిత్తూరు గారు చెప్పిన కారబ్. ఏం చెయ్యాలి? కుండీలో పెట్టేదా?

రిటైర్డ్_ఏఓ
పెట్టొద్దు. విత్తనం బయటి దేశం నుంచి తేవాలంటే దిగుమతి పర్మిట్, అక్కడి ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. తప్పు పురుగు కథ ఇప్పుడే కదా చెప్పాను. కాల్చెయ్యండి.

గోదారిగట్టు
కాల్చేశాం సార్. ఇల్లంతా మాడిన బెల్లం వాసన. మావాడు అలిగాడు.

వేపపుల్ల
అందరికీ ఒక మాట. ఇవాళ ఆఫీసు గేటు దగ్గర చెట్టుని దగ్గరికెళ్ళి చూశాను. ఏఓ గారు చెప్పినట్టే ఈనెకి మళ్ళీ ఈనెలున్నాయి. ఊదా పూలు. నేనే ఓడిపోయాను. బాధ అది కాదు. మూడేళ్ళుగా పొద్దున్నే వాకింగుకి వచ్చి దాని పుల్లతోనే పళ్ళు తోముకుంటున్నా.

డ్యూటీనర్సు
ఈరోజే ఆపెయ్యండి. కడుపునొప్పి, వాంతులు ఏమైనా ఉన్నాయా?

వేపపుల్ల
లేవండి. బానే ఉన్నా.

రిటైర్డ్_ఏఓ
పళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయా?

వేపపుల్ల
చెట్టువా, నావా?

రిటైర్డ్_ఏఓ
చెట్టువి.

వేపపుల్ల
అవి కూడా.